గంట ముందుకు జరిపిన చలికాలం

ఆ చలికాలం మా ఇంట్లో రెండు టైములు నడిచాయి. మేడ మీద మా పడగ్గదిలోని అలారం గడియారం ప్రభుత్వం టైము చూపించేది. కింద వంటింట్లో గోడ గడియారం మా మామగారి టైము చూపించేది. రెండింటికీ సరిగ్గా గంట తేడా. పద్నాలుగు మెట్లు దిగేసరికి నా వయసు గంట తగ్గిపోతోందని మా ఆయన వర్జిల్ వేళాకోళం చేసేవాడు. మొదటి రెండు రోజులు నేనూ నవ్వాను.

డెబ్భై నాలుగో సంవత్సరం, జనవరి. అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి, బంకుల దగ్గర కార్లు బారులు తీరుతున్నాయి. వాషింగ్టన్‌లో పెద్దలందరూ కూర్చుని, వేసవిలో జరిపినట్టే చలికాలంలోనూ గడియారాలు గంట ముందుకు జరపండి, ఇక ఏడాది పొడుగునా అలాగే ఉంచండి అన్నారు. సాయంత్రం వెలుగు గంటసేపు ఎక్కువ ఉంటుందట, దీపాలు ఆలస్యంగా వేసుకుంటామట, ఆ మేరకు చమురు మిగులుతుందట. పొద్దుటి సంగతి ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు. పడమటి ఒహాయోలో మా వైపు జనవరిలో మామూలుగానే ఎనిమిదింటికి గానీ తెల్లవారదు. కొత్త లెక్కన తొమ్మిది. పిల్లలు బడి బస్సు ఎక్కేది ఏడింటికీ ఏడున్నరకీ మధ్య.

ఆ ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చి భోజనాలకి కూర్చోబోతుంటే వర్జిల్ కుర్చీ ఎక్కి గోడ గడియారం మీద చెయ్యి వేశాడు.

"దిగు" అన్నాడు మామగారు, బంగాళాదుంపల గిన్నెలోంచి తలెత్తకుండానే.

"చట్టం నాన్నా. దేశమంతా మార్చుకుంటోంది."

"దేశాన్ని మార్చుకోమను. నా గోడ జోలికి రాకు."

"నీ గోడకి వేరే సూర్యుడున్నాడా?"

"నా ఆవులకి వేరే చట్టం ఉంది. కొట్టంలో ఇరవై ఆరున్నాయి. వెళ్ళి నీ చట్టం చదివి వినిపించు. ఒక్కదాన్ని ఒప్పించుకుని రా, అప్పుడు మారుద్దాం."

"నీ ఆవుల కోసం దేశం ఆగదు."

"ఆగొద్దు. పాలు తాగడం మానమను, చాలు."

మా జానెల్‌కి నవ్వాగక తాగుతున్న పాలు ముక్కులోంచి వచ్చాయి. దానికి తొమ్మిదేళ్ళు. తాతయ్యా నాన్నా పోట్లాడుకుంటే దానికి పండగ. వర్జిల్ కుర్చీ దిగాడు. మా మామగారు ఆలోయిస్ కోస్టర్స్ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. అయినా ఆయనతో వాదించే ఓపిక ఇంట్లో వర్జిల్‌కొక్కడికే ఉండేది, ఎందుకంటే అతనూ ఆ నెత్తురే.

వర్జిల్‌కి కొత్త టైము నచ్చింది. కుర్చీలూ బల్లలూ చేసే ఫ్యాక్టరీలో ఆరున్నర షిఫ్టు. మూడింటికి వదిలితే ఆరు దాటేదాకా వెలుగు. "కంచె బాగు చేసుకోవచ్చు, ట్రాక్టరు కింద దూరొచ్చు. నా జన్మలో మొదటిసారి ప్రభుత్వం నాకు పనికొచ్చే పని చేసింది" అనేవాడు. పొద్దున ఐదూ నలభైకి ఇంట్లోంచి బయటపడే మనిషికి ఆ చీకటి పాతా కొత్తా ఒకటే.

నేను బడి బస్సు నడిపేదాన్ని. తొమ్మిదో నంబరు. మా జిల్లాలో పదకొండు మంది డ్రైవర్లు, వాళ్ళలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. బస్సు మా వాకిట్లోనే ఉండేది. ఐదూ యాభైకి ఇంజను వేడిచేసి బయల్దేరి, పన్నెండు మైళ్ళ అవతల మొదటి పిల్లవాణ్ణి ఎక్కించుకుని, మళ్ళీ మా ఇంటి బాట చివరి పెద్దరోడ్డు మీదుగానే పట్నంలోని హైస్కూలుకి వెళ్ళేదాన్ని. జానెల్ చదివేది మా ఊరి చిన్నబడిలో. దాని బస్సు వేరు, అది మా బాట చివరికి ఏడూ ఇరవై అయిదుకి వచ్చేది. డ్రైవర్లు సొంత పిల్లల్ని బస్సులో తిప్పకూడదని ఆ ఏడే నియమం పెట్టారు, బీమా వాళ్ళు ఒప్పుకోరట. జానెల్‌కి ఆ సంగతి నేనే చెప్పాను. "నిన్ను ఎక్కించుకుంటే అమ్మ ఉద్యోగం పోతుందే" అన్నాను. పిల్లలకి ఏదైనా ఒక్క మాటలో తేల్చేస్తే సరిపోతుందనుకుంటాం.

కాబట్టి పొద్దున్నే అది ఒక్కతే. తాతయ్య ఆరింటికి, అంటే ఆయన ఐదింటికి, దాని గది తలుపు దబదబా బాది పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్ళిపోయేవాడు. ఏడున్నర దాటితే గానీ ఇవతలకి వచ్చేవాడు కాదు. అది లేచి, ముఖం కడుక్కుని, నేను పెట్టి ఉంచింది తిని, టైము చూసుకుని బయల్దేరాలి. టైము విషయం తికమక పడకుండా నేనొక చిట్కా చెప్పాను.

"లెక్కలు వెయ్యకు. తాతయ్య గడియారంలో ఆరూ పది అవగానే కోటు తొడుక్కుని వెళ్ళిపో. అంతే."

"అప్పుడు నిజంగా ఏడూ పదా?"

"నిజంగా ఎంతైతే నీకెందుకే? ఆరూ పది. గుర్తుంచుకో."

గుర్తుంచుకుంది. నా కూతురు చెప్పింది మరిచిపోయే పిల్ల కాదు.

మా ఇంటి నుంచి పెద్దరోడ్డుకి పావు మైలు మట్టిబాట. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న మోళ్ళు, ఒక్క ఇల్లు లేదు, ఒక్క దీపం లేదు. మంగళవారం అది సగం దూరం వెళ్ళి ఏడుస్తూ వెనక్కొచ్చింది. తాతయ్య పితుకుతున్న ఆవుని వదిలి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేసరికి బస్సు వెళ్ళిపోయింది. గురువారం మళ్ళీ అదే కథ. ఆ సాయంత్రం వర్జిల్ బల్ల మీద చరిచాడు.

"తొమ్మిదేళ్ళ దానివి, చీకటంటే భయమేంటి? నీ వయసులో నేను ఒంటరిగా నక్కలకి ఉచ్చులు పెట్టేవాణ్ణి."

"పెట్టి ఒక్కటీ పట్టలేదు" అన్నాడు మామగారు.

"నువ్వూరుకో నాన్నా. అది రోజూ వెనక్కొస్తే బడి ఎగ్గొట్టడం అలవాటవుతుంది."

జానెల్ నా వంక చూసింది. ఆ వారమంతా రేడియోలో ఒకటే వార్త. దక్షిణాన ఫ్లోరిడాలో చీకట్లో బడికి నడిచి వెళ్తున్న పిల్లల్ని కార్లు గుద్దేశాయి. ఒక్కరు కాదు, కొందరు చచ్చిపోయారు. పిల్ల వినకుండా నేను రేడియో కట్టేసేదాన్ని. బస్సు నడుపుతూ ప్రతి మలుపు దగ్గరా నా కాలు బ్రేకు మీదికే పోయేది. స్టాపు దగ్గర నిలబడ్డ పిల్లలు దీపాల వెలుగులోకి ఉన్నట్టుండి ఊడిపడేవారు. ఒక్క క్షణం ముందు అక్కడ ఏమీ ఉండేది కాదు. నాకు అంత భయంగా ఉంది కాబట్టే దాని భయాన్ని నేను చూడలేకపోయాను. చెయ్యి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్ళాను.

"రోడ్డు మీద భయపడాల్సింది ఏమీ లేదు. పగలు ఏముంటుందో చీకట్లోనూ అదే ఉంటుంది."

"ఏదో కదుల్తుందమ్మా, మోళ్ళలో."

"గాలి. నాకు మాటియ్యి. ఒకసారి ఇంట్లోంచి బయల్దేరాక ఏం జరిగినా ఇంటికి తిరిగి రానని. బస్సు ఎక్కాల్సిందే, బడికి వెళ్ళాల్సిందే."

"ఏం జరిగినానా?"

"ఏం జరిగినా."

మాటిచ్చింది. మర్నాడు నేను దాని కోటు వెనక వీపు మీద తెల్లగా మెరిసే పట్టీ కుట్టాను, రోడ్డు పనివాళ్ళ చొక్కాల మీద ఉండే రకం. చేతికి ఒక టార్చి ఇచ్చాను. ఆ తర్వాత అది ఒక్కరోజు కూడా వెనక్కి రాలేదు. వర్జిల్ మెచ్చుకున్నాడు. నేను మాత్రం రోజూ ఏడూ ఇరవై అయిదు అయ్యేదాకా చేతి గడియారం చూసుకుంటూనే ఉండేదాన్ని.

జనవరి మధ్యలో బడి బోర్డు వాళ్ళు భోజనాల హాల్లో సమావేశం పెట్టారు. బడి గంట ఆలస్యంగా మొదలుపెట్టాలా వద్దా అన్నది ఆ రోజు విషయం. వంద మందికి పైగా వచ్చారు, పిల్లల చిన్న బెంచీల మీద మోకాళ్ళు గడ్డాలకి తగులుతుండగా కూర్చున్నారు. ఒకామె లేచి, "మా వాడు ఆరో తరగతి. వాడు బస్సెక్కాక గంటన్నరకి తెల్లవారుతోంది. మా ఇంట్లో కోడిపుంజుకి కూడా సిగ్గేస్తోంది" అంది. అందరూ నవ్వారు. వెనకనించి మరొకామె అరిచింది. "నీకేం తల్లీ, ఇంట్లో ఉంటావు. నాకు ఏడింటికి షిఫ్టు. బడి తొమ్మిదింటికంటే పిల్లల్ని ఎవరికి అప్పజెప్పి పోను? నీ కోడిపుంజుకా?" మళ్ళీ నవ్వులు. దేశం కోసం ఈపాటి కష్టం పడలేమా అని ఒక పెద్దమనిషి, దేశం పడుకునే ఉంటుంది, కష్టపడేది నా కొడుకు అని ఒక రైతు.

జిల్లా బడుల అధికారి డార్స్టెన్ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు. "రోడ్డు సంగతి మనకంటే డ్రైవర్లకి బాగా తెలుసు. వాళ్ళనడుగుదాం. ఏమయ్యా, ఇబ్బందిగా ఉందా?"

పదిమంది మగ డ్రైవర్లు వరసగా గోడకానుకుని ఉన్నారు. లేదంటే లేదన్నారు. ఒకడైతే "ఇరవయ్యేళ్ళుగా నడుపుతున్నా, కళ్ళు మూసుకునైనా తీసుకెళ్తా" అన్నాడు. డార్స్టెన్ నా వైపు తిరిగాడు.

"ఆర్లీన్, మీరు? భయంగా ఏమైనా ఉందా?"

ఇబ్బంది అన్న మాట నా దగ్గరికి వచ్చేసరికి భయం అయింది. గోడ దగ్గర ఇద్దరు ముసిముసిగా నవ్వారు. పక్కనే వర్జిల్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగేశాను.

"ఫర్వాలేదండీ. దీపాలున్నాయి కదా."

బడి టైము మార్చనక్కర్లేదని తేల్చేశారు. ఇంటికొస్తూ వర్జిల్ నా భుజం తట్టాడు. ఆ తట్టుకి నాకు ఒళ్ళు మండింది. కానీ ఎవరి మీద మండిపడాలి?

ఆ తర్వాత నా భయం గడియారం మీదికి మళ్ళింది. తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేశారు. ఉప్పు కావాలన్నా జానెల్ ద్వారా అడిగేవారు. తాతయ్య టైము, నాన్న టైము, బడి టైము, వీటి మధ్య ఏదో ఒకరోజు పిల్ల తడబడుతుందనిపించింది. నెలాఖరులో ఒక సాయంత్రం కొట్టంలోకి వెళ్ళాను. మామగారు పాల డబ్బాలు కడుగుతున్నాడు.

"మామయ్యా, మీ ఆవుల్ని నేనేమీ అనను. వాటిని మీ ఇష్టమొచ్చినప్పుడు పితుక్కోండి. ఆ గోడ గడియారం ఒక్కటి మార్చండి. పిల్ల కోసం."

ఆయన నీళ్ళ గొట్టం ఆపలేదు.

"ఎవరు పంపారు? వాడా?"

"ఎవరూ పంపలేదు. నాకు నిద్ర పట్టడం లేదు."

"నాకు డెబ్భై ఒకటి అమ్మాయ్. ఇన్ని చలికాలాలూ మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు నా నెత్తి మీదే ఉన్నాడు."

"ఉండనివ్వండి మామయ్యా. పిల్ల నెత్తి మీద మాత్రం పొద్దున ఏ సూర్యుడూ లేడు."

ఆయన గొట్టం ఇంకో డబ్బాలోకి తిప్పాడు. నేను వచ్చేశాను. ఆయన మనసు మారుతుందని నేననుకోలేదు.

మూడు రోజుల తర్వాత, గురువారం, సన్నటి వాన పడుతూ పడ్డచోటే గడ్డకడుతోంది. బస్సు మెట్లకి ఉప్పు చల్లుకుని బయల్దేరాను. అద్దం తుడిచే పుల్లలకి మంచు పట్టేసి సగం అద్దమే శుభ్రమవుతోంది. ముప్ఫై నలుగురు పిల్లలు ఎక్కారు. వెనక సీట్లో ఎవడో ట్రాన్సిస్టర్ పెట్టాడు, కట్టెయ్యమని అరిచాను. మా బాట దాటాక లోపలి నుంచి అద్దానికి ఆవిరి పడితే చేతి తొడుగుతో తుడుచుకున్నాను. ఆ పొద్దున గురించి నాకు గుర్తున్నది అంతే. ఎన్నిసార్లు వెతికినా అంతకంటే ఏమీ దొరకదు.

ఎనిమిదీ నలభైకి ఇంటికి తిరిగొచ్చేసరికి వాకిట్లో పాల లారీ ఆగి ఉంది. ఆ వేళకి అది మా ఇంటి దగ్గర ఉండదు. కొట్టంలో ఆవులు అరుస్తున్నాయి. ఇంజను ఆపడం మరిచిపోయి లోపలికి పరిగెత్తాను.

జానెల్ వంటింట్లో దుప్పటి చుట్టుకుని కూర్చుని ఉంది. కాళ్ళు వేడినీళ్ళ బకెట్లో ఉన్నాయి. లారీ నడిపే క్లీటస్ పొయ్యి దగ్గర నిలబడి కాఫీ తాగుతున్నాడు. మామగారు బల్ల దగ్గర టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"కంగారు పడకండి, బాగానే ఉంది" అన్నాడు క్లీటస్. "ధాన్యం గిడ్డంగి ఇవతల వంతెన దగ్గర కనిపించింది. వంతెన మీద పక్కన నడిచే చోటెక్కడుంది చెప్పండి? రోడ్డు మధ్యలో నడుస్తోంది. వీపు మీద ఏదో తళుక్కుమంది, బ్రేకు తొక్కాను. లారీ అడ్డం తిరిగింది. దేవుడి దయ."

"ధాన్యం గిడ్డంగా? అది మైలున్నర!"

"నడిచి వెళ్తున్నానంది. బడికి."

నాకేమీ అర్థం కాలేదు. గోడ వైపు చూశాను. తొమ్మిదికి పావు తక్కువ. నా చేతి గడియారమూ అదే చెబుతోంది.

"నేనే మార్చా అమ్మాయ్" అన్నాడు మామగారు. "మీరిద్దరూ వెళ్ళాక. మీరు చూస్తుండగా మార్చబుద్ధి కాలేదు. సరైన టైము చూపించే గడియారం ఎవరికి చేటు చేస్తుందనుకున్నా."

ఆరింటికి గడియారం మార్చి, పిల్ల తలుపు బాది, ఆయన కొట్టంలోకి వెళ్ళిపోయాడు. పిల్ల కిందికి వచ్చేసరికి, రోజూ ఆ వేళకి ఐదూ పదిహేను చూపించే గోడ మీద ఆరూ పదిహేను. ఆరూ పదికి బయల్దేరమన్నాను కదా! మళ్ళీ నిద్రపోయాననుకుంది, బస్సు తప్పిపోతుందనుకుంది. తినలేదు, టార్చి బల్ల మీద మరిచిపోయింది, పరిగెత్తింది. ఏ మామూలు చలికాలంలోనైనా ఆకాశం చూస్తే తెలిసిపోయేది, ఇంకా గంట టైముందని. ఆ ఏడు ఆరింటికీ చీకటే, ఏడింటికీ చీకటే, ఎనిమిదింటికీ చీకటే. రోడ్డు మీద వానలో పావుగంట నిలబడింది. బస్సు రాలేదు, వెళ్ళిపోయిందనుకుంది. ఇంటికి తిరిగి రానని మాటిచ్చింది కాబట్టి బడి వైపు నడిచింది.

మామగారు తప్పు తనదంటున్నాడు. మార్చమన్నది నేను. ఆరూ పది అన్నది నేను. మాట తీసుకున్నది నేను.

క్లీటస్ వెళ్ళిపోయాడు. మామగారు లేచి ఆవుల దగ్గరికి వెళ్ళాడు. నేను నేల మీద కూర్చుని జానెల్ పాదాలు తువ్వాలుతో రుద్దుతున్నాను. వేళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"అమ్మా, నీకు కోపమొచ్చిందా?"

"లేదే తల్లీ. కోపమెందుకు?"

"నేను ఇంటికి రాలేదు, చూశావా?"

"చూశాను."

దుప్పటి గడ్డందాకా లాక్కుంది.

"నువ్వు ఆపకపోయినా నేనేమీ అనుకోలేదులే. నన్ను ఎక్కించుకోకూడదు కదా."

రుద్దుతున్న చెయ్యి ఆగింది. "ఎక్కడ ఆపలేదు?"

"రోడ్డు మీద. మన బాట దాటాక. నా బస్సే అనుకుని వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. తర్వాత తొమ్మిది నంబరు చూశాను. నీ మొహం కూడా కనిపించింది. అద్దం తుడుచుకుంటున్నావు. బాగా దగ్గరికొచ్చేసింది, అందుకని రోడ్డు పక్క కాలవలోకి దూకేశా."

వీపు మీద కుట్టిన పట్టీ. పిల్లేమో నా వైపు తిరిగి చెయ్యి ఊపింది. ముందువైపు ముదురు నీలం కోటు, చీకటి.

"జానెల్, నేను నిన్ను చూడలేదు."

"నేను పెద్దగానే ఊపానమ్మా."

"చూడలేదే. చూస్తే ఆపనా? ఉద్యోగం పోతే పోనీ, చూస్తే ఆపనా?"

నన్ను చాలాసేపు చూసింది. చూసి కూడా ఆపకుండా వెళ్ళిపోయానని అది రెండు గంటలుగా నమ్ముతోంది, నమ్మి నన్ను క్షమించేసింది కూడా. ఇప్పుడు చూడలేదంటే దాని మొహంలో అంతకుముందు లేని భయం కనిపించింది. పాదాలు నా ఒళ్ళోంచి తీసేసుకుంది.

వర్జిల్‌కి మిగతాదంతా చెప్పాను. ఆ ఒక్కటి చెప్పలేదు. వారం తిరక్కముందే బోర్డు వాళ్ళు మళ్ళీ సమావేశం పెట్టారు, పాల లారీ కథ జిల్లా అంతా పాకింది మరి. ఈసారి మామగారు కూడా వచ్చాడు. మళ్ళీ అవే వాదనలు. మళ్ళీ షిఫ్టులు, చమురు, దేశం. ఎవరో అన్నారు, "అది టైము తప్పు కాదు, ఆ ఇంట్లో గడియారం తప్పు" అని. మామగారు తల వంచుకున్నాడు.

నేను లేచాను. ముందు బెంచీ పట్టుకున్నాను.

"పోయినసారి నన్నడిగితే ఫర్వాలేదన్నాను. అబద్ధం. మొదటి రోజు నుంచీ భయమే. మొన్న గురువారం ఆరూ యాభైకి నా కూతురు రోడ్డు పక్కన నిలబడి నా బస్సుకి చెయ్యి ఊపింది. నేను దాన్ని దాటుకుని వెళ్ళిపోయాను. అది కాలవలోకి దూకింది కాబట్టి ఉంది. నేను తాగి లేను, నిద్రపోవడం లేదు. రెండు చేతులూ చక్రం మీదే..." అక్కడ ఆగాను. "ఒక చెయ్యి. ఇంకో చేత్తో అద్దం తుడుచుకుంటున్నాను."

వర్జిల్ తల తిప్పి నన్ను చూస్తున్నాడు. నేను అతని వైపు చూడలేదు.

డార్స్టెన్ గొంతు సవరించుకున్నాడు. "ఆర్లీన్, మీరేం చెబుతున్నారో తెలుస్తోందా? ఈ మాట విన్నాక రేపు మీ బస్సులో పిల్లల్ని ఎవరు ఎక్కిస్తారు?"

"ఎక్కించొద్దు. నేనూ అదే అంటున్నా. కన్నదాన్ని నాకే కనిపించలేదు. వీళ్ళకి కనిపిస్తారా?" గోడ దగ్గర నిలబడ్డ డ్రైవర్ల వైపు చూశాను. కళ్ళు మూసుకుని నడుపుతానన్నవాడు కళ్ళు దించుకున్నాడు. కాసేపటికి అతనే నెమ్మదిగా అన్నాడు.

"మొన్న నా మలుపులో ఒక పిల్లవాడి డబ్బా తొక్కాను. అన్నం డబ్బా. వాడు వెనక్కి గెంతాడు. నేనెవరికీ చెప్పలేదు."

తర్వాత ఒక్కొక్కరే మొదలుపెట్టారు. బోర్డులో ఐదుగురికి నలుగురు చేతులెత్తారు. సోమవారం నుంచి బడి గంట ఆలస్యం. బస్సు తాళాలు నేనే డార్స్టెన్ ముందు పెట్టాను. ఇమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

ఇంటికొస్తూ మా బాట మలుపు దగ్గర వర్జిల్ బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు. వెనక సీట్లో మామగారున్నాడు.

"ఎంత దూరంలో?" అన్నాడు వర్జిల్.

"చెయ్యి చాపితే అందేంత."

అతను చక్రం మీద నుదురు ఆనించాడు. వెనకనించి మామగారు ముందుకి వంగి కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు. మూడు వారాల తర్వాత వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మొదటి మాట అదే, మాట అంటూ లేకపోయినా.

సోమవారం పొద్దున జానెల్‌తో పాటు నేనూ బాట చివరికి నడిచాను. నాకిక వేరే పని లేదు. తూర్పున ఎర్రబడింది, మోళ్ళు, కంచె, దూరంగా గిడ్డంగి కప్పు అన్నీ కనిపిస్తున్నాయి. ఇంత వెలుగుంటే ఇక భయమెందుకులే అనుకున్నాను, చాలా రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాను. పట్నం వైపు నుంచి ఒక కారు వస్తోంది, ఇంకా అరమైలు దూరంలో ఉంది. జానెల్ నా ముందుకొచ్చి, రెండు చేతులూ నా పొట్ట మీద పెట్టి, నన్ను రోడ్డంచు నుంచి కాలవలోకి నెట్టడం మొదలుపెట్టింది.

"ఏంటే? ఎక్కడో ఉంది కదా!"

"వెనక్కి రా అమ్మా" అంది, కారు మీంచి చూపు తిప్పకుండా. "వాళ్ళకి మనం కనపడం."